చిమ్నీ కింద స్పౌస్ అన్న

ఇది రాయడానికి నాకు ఇన్నాళ్లు పట్టడానికి రెండు కారణాలున్నాయి. అతను మా ఇంట్లో ఉన్న రోజుల్లో నాకు అక్షరాలు రావు. ఏ పాల డబ్బా ఏదో మూత రంగు చూసి చెప్పేదాన్ని. అక్షరాలు వచ్చాక కూడా రాయలేకపోయాను, అప్పటికి అతను బతికి ఉన్నాడు. బతికున్న మనిషి దాచుకున్న సంగతిని, కొత్తగా నేర్చుకున్న రాతతో బయట పెట్టడం న్యాయం కాదనిపించింది.

పోయిన నెల అతని భార్య సస్కటూన్ నుంచి ఫోన్ చేసింది. "వదినా, ఆయన పోయిండు," అంది. సొంతూళ్లో జ్వరం వచ్చిందట, డెంగీ అన్నారట, నాలుగు రోజుల్లో అయిపోయిందట. ఆమె వెళ్లలేకపోయింది. ఆమె కాగితాలు ఇంకా ఆఫీసుల్లోనే ఉన్నాయి. ఇప్పుడు దేశం దాటితే మళ్లీ రానిస్తారో లేదో ఎవరూ చెప్పలేదు. ఆమె ఏడవలేదు. "ఆ లెటర్ వచ్చుంటే ఈడనే ఉంటుండె," అంది.

ఆ తర్వాత మూడు వారాలు కూర్చుని ఇది రాశాను. తప్పులు మా అమ్మాయి దిద్దింది. ఎవరికీ చూపించకముందే ఆమెకు పంపాను. చదివి, "అచ్చు వేయించుండ్రి వదినా, పేరు మాత్రం వద్దు," అని మెసేజ్ పెట్టింది.

పేరు రాయాల్సిన పని కూడా లేదు. మా ఇంట్లో అతన్ని ఎవరూ పేరు పెట్టి పిలవలేదు. స్పౌస్ అన్న అనేవాళ్లు.

మాది స్కార్‌బరోలో చిన్న ఇల్లు. పైన మా అమ్మాయి, అల్లుడు, నేను. కింద బేస్‌మెంట్‌లో రెండు గదులు. ఒకదాంట్లో నలుగురు స్టూడెంట్లు, రెండో దాంట్లో ఈ భార్యాభర్తలు. ఆ రోజుల్లో మా వీధిలో ప్రతి బేస్‌మెంట్ నుంచీ తెలుగు పిల్లలు బ్యాగులు తగిలించుకుని బస్టాపుకు పరిగెత్తేవాళ్లు. పొద్దున బస్సు ఎక్కితే డ్రైవరు తప్ప అందరూ మనవాళ్లే అనిపించేది. ఆమె కూడా కాలేజీలో రెండేళ్ల డిప్లొమా చదవడానికి వచ్చింది. అప్పట్లో భార్య చదువుకోవడానికి వస్తే భర్తకు పని చేసుకునే పర్మిట్ ఇచ్చేవాళ్లు. దాన్ని స్పౌస్ పర్మిట్ అంటారు. కాబట్టి అతను స్పౌస్. నలభై దాటిన మనిషి, కుర్రాళ్ల కన్నా పెద్దవాడు, కాబట్టి అన్న.

"ఊళ్లె నన్ను టీవీ అని పిలిచేటోళ్లు," అనేవాడు. "ఈడ స్పౌస్ అంటున్నరు. అసలు పేరు పాస్‌పోర్టుకే పనికొస్తది అక్కా."

జగిత్యాల దగ్గర ఏదో చిన్న టౌన్లో టీవీలు, రేడియోలు బాగుచేసే షాపుండేదట అతనికి. ముందు గదిలో రెండు టీవీలు పెట్టి, పిల్లలకు అరగంట చొప్పున వీడియో గేములు ఆడుకోవడానికి ఇచ్చేవాడట. ఆ షాపు అమ్మి భార్య ఫీజు కట్టాడు. అన్నదమ్ములు "పెండ్లాం ఎనుక సంచి పట్టుకొని పోతున్నడు" అన్నారట. అది తనే చెప్పి తనే నవ్వాడు. "అబద్ధమేం గాదు అక్కా. రెండు సంచులు పట్టిన. ఒక్కోటి ఇరవై మూడు కిలోలు."

అతనితో నాకు పరిచయం అయింది చిమ్నీ కింద. పైన వంటింట్లో తాలింపు పెడితే కార్పెట్‌కు వాసన పడుతుందని మా అల్లుడి భయం. అందుకని పులుసులూ వేపుళ్లూ అన్నీ, ఇంటికీ కింది పిల్లలకూ కలిపి, నేను బేస్‌మెంట్ పొయ్యి మీదే చేసేదాన్ని. ఆ పొయ్యి మీద ఒక పాత చిమ్నీ ఉంది. మోత ఎక్కువ, పని తక్కువ. అయినా కింది పొగ బయటికి పోవడానికి అదొక్కటే దారి. వాళ్లు దిగిన వారానికి ఒక పొద్దున నేను పోపుల డబ్బా పట్టుకుని మెట్లు దిగేసరికి, పొయ్యి పక్కన స్టూలు వేసుకుని, తల చిమ్నీ కిందికి పెట్టి ఏదో కాలుస్తున్నాడు.

"ఏందయ్యా, పొయ్యి దగ్గర నీకేం పని?"

"సోల్డరింగ్ అక్కా. పొగొస్తది. గదిల చేస్తే అలారం మొత్తుకుంటది, పోరగాళ్లు నిద్రలకెల్లి లేచి బయటికి ఉరుకుతరు."

"మరి నా తాలింపో?"

సోల్డరింగ్ ఐరన్ పట్టుకునే ఆలోచించాడు. "నీ ఆవాలు చిటపటమన్నంత సేపు నేను ఆపుత. నా తీగె కాలినంత సేపు నువ్వు ఉల్లిగడ్డ కోసుకో."

ఆ ఒప్పందం మీద ఏడాదిన్నర నడిచాం.

అతను చేసే పని ఏమిటో అర్థం కావడానికి నాకు చాలా రోజులు పట్టింది. ముప్ఫై ఏళ్ల కిందటి వీడియో గేముల రిమోట్లు అవి. కుర్రాళ్లు కంట్రోలర్లు అనేవాళ్లు, అతను మాత్రం రిమోట్లే అనేవాడు. ఆ గేము పెట్టెలు ఎప్పుడో పోయాయి, అవి తగిలించే టీవీలూ పోయాయి. కానీ చిన్నప్పుడు వాటితో ఆడుకున్న దొరబాబులు ఇప్పుడు నెత్తి నెరిసినా అవే ఆటలు కంప్యూటర్‌లో ఆడతారట, చేతిలో మాత్రం అప్పటి రిమోటే ఉండాలంటారట. పాత రిమోటు ప్లగ్గు ఇప్పటి కంప్యూటర్‌కు పట్టదు. అతను ఆ ప్లగ్గు కోసేసి, లోపల బొటనవేలి గోరంత బోర్డు పెట్టి, ఒక్కో బటన్ నుంచి ఒక్కో సన్న వైరు దానికి అతికించి, బయటికి యూఎస్‌బీ వైరు తీసేవాడు. బయటికి చూస్తే ఏమీ మారినట్టుండదు.

"ఫోను గదే అక్కా," అని చెప్పాడు నాకు. "సిమ్ము మార్చినం. ఇప్పుడు ఈ దేశంల మోగుతది."

ఆ రిమోట్లు అతనికి ఇచ్చేది ప్లాజాలో సెల్‌ఫోన్ రిపేరు షాపు నడిపే ఒక తెలుగాయన. ఆయన పాతసామాన్ల సంతల్లో పాడైన రిమోట్లు డబ్బాలకు డబ్బాలు కొనేవాడు. ఇతను బాగుచేసి ఇస్తే ఆన్‌లైన్‌లో అమ్మేవాడు.

విప్పే ముందు ప్రతి రిమోటునూ ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసేవాడు. మొదటిసారి చూసి నేను అసహ్యపడ్డాను. "ఇది సిగరెట్లు తాగెటోళ్ల ఇల్లు," అనేవాడు. "ఇది కుక్క ఉన్న ఇల్లు. ఇగో, ఇది చూడు, బేస్‌మెంట్ల పడున్నది. మన లెక్కనే." స్క్రూలు తీసి ఇడ్లీ ప్లేటు గుంటల్లో వేసేవాడు. సొట్టపడిందని నేను పక్కన పెట్టిన ప్లేటు అది. ఒక్కో రిమోటు స్క్రూలు ఒక్కో గుంటలో. పొరపాటున చెయ్యి తగిలి ఒక గుంటలోది ఇంకో గుంటలోకి దొర్లితే ఆ రోజంతా మనసు బాగుండేది కాదు అతనికి. బటన్ల కింది రబ్బర్లను స్పిరిట్‌తో తుడిచి, నా జల్లెడలో ఆరబెట్టేవాడు. "నా జల్లెడయ్యా అది!" అంటే, "కడిగిచ్చిన గదా," అనేవాడు. కడగలేదని ఇద్దరికీ తెలుసు.

ఎన్ని చేశాడో లెక్కలేదు కానీ ఒక్కసారి కూడా ఆట ఆడగా నేను చూడలేదు. లాప్‌టాప్‌కు తగిలించి, అన్ని బటన్లూ వరసగా నొక్కి, తీసి పక్కన పెట్టేవాడు. కుర్రాళ్లు చుట్టూ చేరేవాళ్లు.

"అన్నా, ఒక్క గేమ్ అన్నా!"

"నేను ఆడ."

"ఎందుకన్నా?"

"ఊళ్లె పదేండ్లు పోరగాళ్ల ఆట చూసిన. ఓడిపోయేటోడు ఇంకో అరగంట అంటడు. గెలిచేటోడు గూడ ఇంకో అరగంట అంటడు. నాకొద్దు."

వైర్ల విషయంలో మాత్రం అతనంత అనుమానపు మనిషిని నేను చూడలేదు. ఒక కంపెనీ రిమోటులో ఎర్ర వైరు కరెంటుదైతే ఇంకో కంపెనీలో అది బటన్ వైరు అవుతుందట. కాబట్టి రంగు చూసి ఏదీ అతికించేవాడు కాదు. వైర్లు పరీక్ష చేసే మీటర్ తెచ్చి, దాని రెండు ముళ్లూ వైరు రెండు చివర్లా పెట్టేవాడు. దారి బాగుంటే మీటర్ సన్నగా కూసేది. "రంగును నమ్మొద్దు అక్కా. కూతను నమ్మాలె." ఆ మీటర్ కూత నాకెంత అలవాటైపోయిందంటే, అది వినపడని పొద్దున కూరలో ఉప్పు మర్చిపోయేదాన్ని.

ఇక సోమవారాలు. అతని భార్య వేర్‌హౌస్‌లో రాత్రి షిఫ్టు చేసేది. ఆదివారం రాత్రి సెలవు కాబట్టి సోమవారం పొద్దున ఇంట్లో ఉండేది. ఆమె టేబుల్ దగ్గర కూర్చుని టిఫిన్ తింటుంటే ఇతను చిమ్నీ కింద నిలబడి షాపాయనకు ఫోన్ చేసేవాడు.

"నమస్తే సార్. అదే సార్, లెటర్ సంగతి... ఆఁ... ఆఁ... అకౌంటెంట్ వచ్చినంకనా సార్... లేదు సార్, తొందరేం లేదు. ఉంట సార్."

"ఏమన్నడు?" అనేది ఆమె.

"చేస్తున్నడంట. అకౌంటెంట్ ఊళ్లె లేడంట."

ఆమె తలూపి చట్నీలో వేలు ముంచేది. ఆమె మాటలు తక్కువ, అలసట ఎక్కువ. ఒకసారి నేనే ఉండబట్టలేక, "చిమ్నీ ఆపి మాట్లాడయ్యా, ఆ మోతలో ఆయన చెప్పేది నీకు వినపడొద్దూ?" అన్నాను. "వినొస్తది అక్కా, మంచిగ వినొస్తది," అన్నాడు.

ఆ లెటర్ మీదే అతని ఉండటం, పోవడం ఆధారపడి ఉంది. ఆమె చదువు అయిపోవచ్చింది. ఈలోగా రూల్సు మారాయి. ఆమెకు దొరికిన పని పాకింగ్ పని. ఆ పని చేసేవాళ్ల భర్తలకు పర్మిట్ పొడిగించరట. అతనిది జూన్‌తో అయిపోతుంది. అతను ఇక్కడే ఉండాలంటే ఎవరో ఒక యజమాని, ఈ మనిషి మాకు పనికి కావాలి అని గవర్నమెంటును ఒప్పించి లెటర్ ఇవ్వాలి. షాపాయన ఇస్తానన్నాడు. అలాగని మాకు అతనే చెప్పాడు.

ఏప్రిల్‌లో, రోడ్ల పక్కన మంచు కరిగి బురద మిగిలిన రోజుల్లో, ఒకేసారి నలభై రిమోట్లు వచ్చాయి. అన్నీ ఒక రకం. నాలుగు రోజుల్లో కావాలన్నారు. ఒక్కోదానికి నాలుగు దిక్కుల బటన్లు: పై, కింద, ఎడమ, కుడి. ఏ వైరు ఏ దిక్కుదో తెలియడానికి అతను తెల్ల టేపు ముక్కల మీద ఆ నాలుగు మాటలు తెలుగులో రాసి వైర్లకు జెండాల్లాగా అంటించేవాడు. తర్వాత ఆ జెండా చూసి కొత్త బోర్డుకు అతికించేవాడు. మూడో రోజు అతను రిచ్‌మండ్ హిల్‌లో పర్మిట్ల సంగతి చూసే ఎవరో కన్సల్టెంటును కలవడానికి పోవాలి. మూడు బస్సులు మారాలి, సగం రోజు పోతుంది.

"చీటీలే కదా, నేను అంటిస్తాలే," అన్నాను.

"ఆగమైతవేమో అక్కా."

"వంకాయలకు కారం కూరేదాన్ని, టేపు ముక్కలు అంటించలేనా?"

నాకు చదువు రాదని అతనికి తెలియదు. మా అమ్మాయికి తప్ప ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. ఎవరైనా ఏదైనా చదవమంటే కళ్లజోడు పైన మర్చిపోయాననేదాన్ని. అరవై ఏళ్ల ఆడదాన్ని ఎవరూ గుచ్చి అడగరు.

మర్నాడు నేను దిగేసరికి అతను వెళ్లిపోయాడు. టేబుల్ మీద రిమోట్లన్నీ విప్పి పరిచి ఉన్నాయి. మొదటిదానికి తనే చీటీలు అంటించి నమూనాగా పెట్టాడు. నాలుగు మాటలకు నాలుగు కుప్పలు కత్తిరించి పెట్టాడు. ఇడ్లీ ప్లేటు కింద ఒక కాగితం, దాని మీద నాలుగు వరసల రాత. అటూ ఇటూ తిప్పి చూశాను. కుర్రాళ్లెవరూ లేరు. అతని భార్య పడుకుని ఉంది. ఏముంటుందిలే, టీ తాగమనో, జాగ్రత్తనో రాసుంటాడని దాన్ని పోపుల డబ్బా కింద పెట్టాను. నమూనాలో ఎటువైపున ఏ ఆకారం ఉందో చూసుకుని, అదే ఆకారం కుప్పలోంచి తీసి, అటువైపునే అంటిస్తూ పోయాను. ముప్ఫై తొమ్మిదీ అయ్యేసరికి మధ్యాహ్నమైంది. నాకు గర్వంగా కూడా అనిపించింది.

ఆ కాగితం నా దగ్గర ఇప్పటికీ ఉంది. రెండేళ్ల తర్వాత నేనే చదువుకున్నాను. "అక్కా, మొదటిది బోర్డు ఎల్లకిల ఉన్నది. మిగిలినయి బోర్ల ఉన్నయి. బోర్ల ఉంటే కుడి ఎడమైతది. జర చూస్కో."

నేను చూసుకోలేదు. నలభైలో ముప్ఫై తొమ్మిదింటికి ఎడమా కుడీ తారుమారు చేశాను. అతను సాయంత్రం వచ్చి నా చీటీలు చూసి అతికించడం మొదలుపెట్టాడు. మర్నాడు మధ్యాహ్నానికి పూర్తి చేశాడు. ఉన్న ఒక్క లాప్‌టాప్‌ మీద ఆ రెండు రోజులూ అతని భార్య ఆఖరి పరీక్షలు రాస్తోంది. అందుకని మీటర్‌తోనే పరీక్ష చేశాడు. ప్రతి వైరూ కూసింది. వైరు అతుక్కుంది కాబట్టి కూసింది. ఎక్కడ అతుక్కుందో మీటర్‌కు తెలియదు. షాపు మనిషి వచ్చి డబ్బాలు కారులో పెట్టుకుని పోయాడు.

వారం తర్వాత షాపాయనే డబ్బాలు తెచ్చి మెట్ల మీద పెట్టాడు. "ఎడం పక్కకు నొక్కితే బొమ్మ కుడి పక్కకు పోతోందయ్యా. కొన్నవాళ్లు తిడుతున్నారు. నీ దగ్గర్నుంచి ఇట్లాంటిది వస్తదనుకోలేదు నేను."

అతను ఒకటి విప్పి చూశాడు. చీటీ చూశాడు. తర్వాత నా వైపు చూశాడు. నేను గరిటె పట్టుకుని నిలబడి ఉన్నాను.

"కాగితం చూళ్లేదా అక్కా?" మెల్లగా అడిగాడు.

"కళ్లజోడు..." అన్నాను.

కళ్లజోడు నా ముక్కు మీదే ఉంది.

అతను తల తిప్పుకుని, "నాదే తప్పు సార్. పరేషాన్‌ల ఉండి కుడి ఎడమ కలిపేసిన. రెండు రోజులల్ల చేసిస్త," అన్నాడు. ఆయన గొణుక్కుంటూ వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం అతను భార్యతో, "లెటర్ ఇంక లేదంట," అన్నాడు. "రిమోట్లు ఖరాబు చేసినవు, నీకేం లెటరిస్త అన్నడు."

ఆమె షిఫ్టుకు బూట్లు వేసుకుంటోంది. ఆగిపోయింది. "ఎన్నేండ్లు చేసినవు ఈ పని? చిన్న పోరడు కూడ చెప్తడు ఎడమేదో కుడేదో. నేను నిలబడి నిలబడి కాళ్లు వాచి వస్తున్న. నువ్వు కూర్చొని చేసే పని ఒక్కటి, అది గూడ సక్కగ చేయరాదా?"

"ఏమో, అయిపోయింది."

"అయిపోయింది అంటే? నువ్వు జూన్‌ల పోతె నేను ఒక్కదాన్ని ఈడ ఏం చేయాలె?"

తర్వాత రెండు రోజులు ఆమె అతనితో మాట్లాడలేదు. అతను చిమ్నీ కింద కూర్చుని నలభై రిమోట్లూ మళ్లీ విప్పాడు. వైర్లు ఊడదీశాడు, మళ్లీ అతికించాడు. నాతో మామూలుగానే ఉన్నాడు. "ఏం గాదు అక్కా, నువ్వు ఉల్లిగడ్డ కోసుకో," అన్నాడు. నా చదువు రానితనం దాచుకోవడానికి ఒక మనిషి ఈ దేశంలో ఉండే దారిని మూసేశాననిపించింది.

మూడో రోజు పొద్దున నేను ఒక్కదాన్నే షాపుకు బయలుదేరాను. ఇంతకు ముందు ఒక్కసారి అతనితో డబ్బాలు మోసుకుని వెళ్లాను. ఎక్కాల్సిన బస్సు అంకె ఆకారం గుర్తుంది. కోడి బొమ్మ ఉన్న హోటల్ కనపడగానే దిగాలని గుర్తుంది. దిగాను. షాపాయన నన్ను గుర్తుపట్టి స్టూలు వేశాడు.

"రండమ్మా. ఏంటి ఇంత దూరం?"

"బాబూ, ఆ ఎడమ కుడి తప్పు చేసింది అతను కాదు, నేను. చీటీలు అంటించింది నేను. కోపముంటే నన్నను. అతనికి ఇస్తానన్న లెటర్ ఆపొద్దు."

ఆయన అయోమయంగా చూశాడు. "ఆ నలభై రిమోట్ల లాటా? అది నిన్న సాయంత్రం బాగుచేసి పంపించేశాడు కదమ్మా. దానికేముంది? పనిలో తప్పులొస్తయ్."

"మరి లెటర్?"

"ఏ లెటర్?"

నేను చెప్పాను. పర్మిటూ, జూనూ, అకౌంటెంటూ, సోమవారం ఫోన్లూ. ఆయన చేతిలోని ఫోను కింద పెట్టేశాడు.

"అమ్మా, మీకు చెప్పొచ్చో లేదో. క్రిస్మస్‌కు ముందే చెప్పాను అతనికి, నా వల్ల కాదని. ఇద్దరం పనిచేసే షాపిది. ఇంకో మనిషి కావాలంటే గవర్నమెంటు ఎందుకు ఒప్పుకుంటుంది? లాయర్ను కూడా అడిగాను. రాదన్నాడు. అదే మాట చెప్పాను. సరే సార్ అన్నాడు, ఇంట్లో మాత్రం ఎవరికీ చెప్పకండి అన్నాడు. మరి ఇంకా ఈ రిమోట్లు ఎందుకయ్యా, వేరే ఏదన్నా దారి చూసుకో అన్నాను. చేతిల పని లేకపోతే పిచ్చి లేస్తది సార్ అన్నాడు."

"మరి ప్రతి సోమవారం నీకు ఫోన్ చేసేవాడే?"

"నాకా?" అన్నాడాయన. "సోమవారం నాకు సెలవమ్మా. షాపు మూసి ఫోన్ ఆపేసుకుని పడుకుంటాను."

ఆయన టీ తెప్పించాడు, తాగాను. డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా ఎన్ని సోమవారాలో లెక్కపెట్టబోయి మానేశాను. ఎవరూ లేని ఫోన్లో ఆఁ, ఆఁ అంటూ, మధ్య మధ్యలో ఎదుటివాడు మాట్లాడేంత సేపు ఆగుతూ, లేదు సార్, తొందరేం లేదు అనేవాడు. ఆగినప్పుడల్లా అతను ఏం వినేవాడు? చిమ్నీ మోత తప్ప ఏమీ ఉండేది కాదు.

లెటర్ నా తప్పు వల్ల పోలేదు. ఆ సంగతి తెలిసి నా గుండె తేలికపడాలి. కానీ అప్పుడు నాకు అర్థమైంది వేరు. తప్పు జరిగిందని తెలిసిన రోజు అతనికి ఒక దారి దొరికింది. ఐదు నెలలుగా లేనిదాన్ని ఉందని నమ్మిస్తూ వచ్చానని భార్యకు చెప్పడం కన్నా, పనిలో ఒక్కసారి పొరపాటు చేసి చేతికొచ్చినదాన్ని పోగొట్టానని చెప్పడం అతనికి సులువనిపించింది. షాపు అమ్మి వచ్చిన మనిషి. అన్నదమ్ములు నవ్వితే నవ్వనిచ్చాడు, కుర్రాళ్లు స్పౌస్ అంటే పలికాడు. పని తెలిసినవాడినన్న ఒక్క పేరు మిగిలింది. చివరికి దాన్నే తీసి భార్య ముందు పెట్టాడు.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చి నేను ఎవరితోనూ ఏమీ అనలేదు.

జూన్ నెలాఖరున అతను వెళ్లిపోయాడు. వెళ్లేముందు మిగిలిన కొద్ది వారాలూ, ఆవాలు చిటపటలాడే సమయాల్లో నాకు అక్షరాలు చెప్పాడు. అందరిలా అ, ఆలతో కాదు. పై, కింద, ఎడమ, కుడి. నేను మొదట చదవగలిగిన మాటలు అవి. మిగతావన్నీ శనివారాలు ఏడేళ్ల పిల్లల పక్కన కూర్చుని తెలుగు బడిలో నేర్చుకున్నాను. ఊళ్లో అతను మళ్లీ షాపు పెట్టలేదు. వేరేవాళ్ల సెల్‌ఫోన్ షాపులో పనికి కుదిరాడు. ఫోన్ చేస్తే రెండు మాటలు మాట్లాడేవాడు, బాగున్ననేవాడు. ఆమె సస్కటూన్ వెళ్లిపోయింది. మూడేళ్లలో వాళ్లిద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు. ఇక చూసుకోరు.

కానీ నేను చెప్పాల్సింది షాపుకు వెళ్లొచ్చిన మర్నాడు పొద్దున నేను చేసిన పని. ఇన్నాళ్లూ నన్ను తిన్నది అదే.

ఆ పొద్దున నేను మామూలు కన్నా ముందే కిందికి దిగాను. ఆమె షిఫ్టు నుంచి అప్పుడే వచ్చి, మెట్ల మీద కూర్చుని బూట్ల లేసులు విప్పుకుంటోంది. అతను ఆమెకు టీ పెడుతున్నాడు. ఆమె అతని వైపు చూడటం లేదు. నేను వాళ్లిద్దరి మధ్యకు వెళ్లి నిలబడ్డాను.

"అమ్మాయీ, ఆ రిమోట్లు పాడుచేసింది మీ ఆయన కాదు. నేను. కాగితం రాసిపెట్టి పోయాడు. నేను చదవలేదు. నాకు చదువు రాదు. అక్షరం ముక్క రాదు. ఇన్నాళ్లూ మీ అందరికీ అబద్ధం చెప్పాను. లెటర్ పోయింది నా వల్ల."

ఆమె లేసు పట్టుకుని అలాగే ఉండిపోయింది. ముందు నా వైపు, తర్వాత అతని వైపు చూసింది. ఆ గొడవ తర్వాత మొదటిసారి.

"నువ్వన్న చెప్పొద్దా?" అంది అతనితో. గొంతులో కోపం లేదు. "అన్ని మాటలన్న నిన్ను."

అతను గిన్నె కింద పెట్టాడు. చిమ్నీ ఆపేశాడు. పొద్దున పూట అతను దాన్ని ఆపడం నేను ఎప్పుడూ చూడలేదు. బేస్‌మెంట్ అంతా ఒక్కసారిగా నిశ్శబ్దమైంది. ఆమె దగ్గరికి వచ్చి, ఒక మెట్టు కింద కూర్చున్నాడు.

"అట్ల గాదు," అన్నాడు. "అక్క తప్పేం లేదు. అసలు సంగతేందంటే, ఆ లెటరు..."

అతని పరువు పోతుందని నాకు భయం వేసింది. ఆమె ముందు అతని ముఖం చూడలేననిపించింది. అతనికి మేలు చేస్తున్నాననుకున్నాను.

"నువ్వు మాట్లాడకు," అని కసిరాను. "తప్పు చేసింది నేను. చెప్పాల్సింది నేను చెప్పేశాను. ఇక ఆ లెటర్ ఊసు ఎవరూ ఎత్తొద్దు."

అతను నోరు మూసుకున్నాడు. నేను చెయ్యి చాచి చిమ్నీ మళ్లీ వేశాను.